ముప్పై ఎనిమిది పొయ్యిల నంబరు

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో పోయిన వారం మనీషా చేసి చూపించింది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ఆ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

మానుకోటలో రాంచందర్ సేటు మార్టు తెలియనివాళ్లు లేరు. అందులో మూడో కౌంటర్ దగ్గర బిల్లులు కొట్టే అమ్మాయి మనీషా. కొత్తగూడ దాటి, అడవి లోపల, వాగు అవతల ఉన్న చింతగుట్ట తండా ఆమెది. మూడేళ్ల కింద సేటు బంగారు కార్డు అని ఒకటి పెట్టాడు. ఎవరి ఫోన్ నంబరు మీద ఎక్కువ సరుకు పోతే వాళ్లకు ఆ కార్డు. కార్డున్నవాళ్ల గడప జిల్లాలో ఏ మూలనున్నా సరే, వారానికి రెండుసార్లు మార్టు బండే పోయి సరుకులు దింపి వస్తుంది. ఆ మాట అన్నప్పుడు గడపలన్నీ నెహ్రూ సెంటర్ చుట్టుపక్కలే ఉంటాయని సేటు ధైర్యం. తీరా ఎవరెంత కొన్నారో పట్టీ తీస్తే అందరికన్నా పైనున్న పేరు చింతగుట్ట తండా చత్రు నాయక్‌ది. సేటు తల పట్టుకున్నాడు గానీ మాట తప్పలేదు. మంగళవారం, శుక్రవారం బండి అడవిలోకి పోతూనే ఉంది.

ఆ బండి వచ్చేటప్పుడు ఖాళీగా రావడం లేదు. మనీషా అక్క అఖిలను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టుకుని వచ్చి సర్కారు దవాఖాన ముందు దింపుతోంది. అఖిలకు రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నర. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటేనే ఆమె బతుకు. వానాకాలం బస్సు వాగుకు ఇవతలే ఆగిపోతుంది, ఆటోవాళ్లు అడవి మాటెత్తితే మొహం తిప్పుకుంటారు. ఎత్తు చక్రాల మార్టు బండి ఒక్కటే ఆమెకు దిక్కు.

పోయిన నెల సేటు మార్టును అల్లుడు సురేందర్ చేతుల్లో పెట్టాడు. సురేందర్ హైదరాబాదులో పెద్ద పెద్ద మార్టుల్లో పనిచేసి వచ్చినవాడు. వచ్చీ రాగానే పనివాళ్లందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, మన విలువైన కస్టమర్లను ఇంకా బాగా ఎట్లా చూసుకోవాలో రాసి డబ్బాలో వేయమన్నాడు. తక్కినవాళ్లు చల్లటి గది, కాఫీ, చిరునవ్వు అని రాసి చేతులు దులుపుకున్నారు. మనీషా మాత్రం నిజం రాసింది. 'బండిలో పేషెంట్ పండుకొని వచ్చేటట్టు ఒక సీటు పెట్టాలె. మా అక్క కూసోలేకపోతున్నది' అని రాసి, కింద పేరు కూడా పెట్టింది. మూడోనాడు, శుక్రవారం పొద్దున పదిన్నరకు, సురేందర్ ఆమెను వెనక గదికి రమ్మన్నాడు. ఆమె తలుపు తోసిన చోట పోయిన వారం ఆగాం.

గదిలో సురేందర్ ఒక్కడే లేడు. రాంచందర్ సేటు కూడా ఉన్నాడు, మూలన ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. బల్ల వెనక పెద్ద కుర్చీ ఇప్పుడు అల్లుడిది. సేటును అక్కడ చూడగానే మనీషాకు సగం ధైర్యం వచ్చింది. మూడేళ్లుగా ఆ ముసలాయన తనను బిడ్డా అని తప్ప పేరు పెట్టి పిలవలేదు.

"కూసో మనీషా," అన్నాడు సురేందర్. చీటీ ఎత్తి చూపించాడు. "గీ రాత నీదేనా?"

"నాదే సార్."

"అందరి చీటీల కంటే నీదే పనికొచ్చింది."

అక్కడ ఆ పిచ్చిపిల్ల ఒక్క క్షణం సంతోషపడిపోయింది. సీటు పెడతారనుకుంది. వెనక సరుకుల మధ్య చిన్న పరుపు పట్టేంత జాగా ఉందని, కొలిచి చూశానని చెప్పబోయింది కూడా. ఇంతలో సురేందర్ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

"ఇగో, గీ నంబర్ ఎవలది?"

"చత్రు నాయక్‌ది సార్. బంగారు కార్డు."

"చత్రు నాయక్ నీకేమైతడు?"

"మా బాపుకు అన్న. పెద్దబాపు."

సురేందర్ తల ఊపాడు. ఈ జవాబు ముందే తెలుసన్నట్టు ఊపాడు. "పోయిన నెల ఒక్కదినం గీ నంబర్ మీద ముప్పై ఒక్క బిల్లులు పడ్డయి. ముప్పై ఒకటి. అన్నీ మూడో కౌంటర్ల, అన్నీ నీ చేతి మీదికెల్లి. ఒక్క మనిషి ఒక్కదినం ముప్పై ఒక్కసార్లు మార్టుకు ఎట్లొస్తడు మనీషా?"

"గది తీజ్ పండుగ ముంగట సార్. మా ఆడోళ్లంత గోధుమలకు, బెల్లానికి వచ్చిన్రు. రెండు ట్రాక్టర్ల మీద."

"వస్తే ఎవల బిల్లు వాళ్ల నంబర్ మీద కొట్టాలె గద."

"వాళ్లు చెప్పిన నంబరే కొట్టిన సార్."

సురేందర్ చిన్నగా నవ్వాడు. కోపంగా అయినా ఉంటే బాగుండేది. "హైదరాబాద్‌ల నేను చేసిన మార్టుల గిదే పని నడిచేది. కార్డు లేని కస్టమర్ వస్తే కౌంటర్ మీద పిల్లలు సొంతోళ్ల నంబర్ కొట్టుకునేది. కస్టమర్‌కు తెల్వది, ఓనర్‌కు తెల్వది. పాయింట్లన్నీ వాళ్ల ఇంటికి. నలుగురిని తీసేసినం. నిన్ను గూడ గట్లనే అంటే నాకు మంచిగనిపిస్తలేదు, గనీ ఇంకేమనాలె? నువ్వే చెప్పు."

మనీషాకు చెప్పాల్సింది చాలా ఉంది. ఎట్లా చెప్పేది? ఎక్కడ మొదలుపెట్టేది?

చింతగుట్ట తండాలో బయటివాళ్లు వచ్చి ఇంటి పెద్ద ఎవరని అడిగితే ఎవరూ సొంత మొగుడి పేరు చెప్పరు, తండ్రి పేరు చెప్పరు. అందరూ తండా పెద్ద నాయక్ పేరే చెబుతారు. అడవి ఆఫీసరు వచ్చి పోడు చేసిందెవరని గద్దించినా నాయక్ పేరే, మండలాఫీసు నుంచి జనం లెక్క రాసుకోవడానికి వచ్చినా నాయక్ పేరే. ఒక్కణ్ని పట్టుకుంటే ఒక్కడు ఆగమవుతాడు, నాయక్ పేరు చెబితే తండా అంతా వెనక నిలబడుతుంది. తాతల నాటి నుంచి వాళ్ల తెలివి అది. మార్టులో కార్డు ఫారం మీద ఇంటి యజమాని పేరు, ఫోన్ నంబరు అని కనిపించగానే, ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లూ ఒక్క పేరే చెప్పారు. నంబరు కూడా ఒక్కటే చెప్పారు. తండాకు మొట్టమొదట వచ్చిన సెల్‌ఫోన్ చత్రు నాయక్‌ది. కూలికి దూరదేశం పోయిన మొగవాళ్లంతా ఆ నంబరుకే చేసేవాళ్లు. ఆడవాళ్లు ఆ పది అంకెలకూ రాగం కట్టి పాడుకునేవాళ్లు. మనీషాకు ఎక్కాల కన్నా ముందు వచ్చింది ఆ నంబరే. ఇప్పటికీ కౌంటర్ దగ్గర నంబర్ చెప్పుండ్రి అంటే తండా ఆడవాళ్లు రాగం తీసి చెప్పి, తీశాక సిగ్గుపడి నవ్వుతారు.

ఇదంతా ఆమె తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి చెప్పింది. సురేందర్ మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. అంతవరకు అతన్ని మెచ్చుకోవాలి.

"అంటే ముప్పై ఎనిమిది కొంపలు ఒక్క కార్డు మీద బతుకుతున్నయి," అన్నాడు చివరికి.

"పొయ్యిలు ముప్పై ఎనిమిది సార్. మా లెక్కల ఒక్కటే ఇల్లు."

"నా లెక్కల గట్ల కాదు. ముప్పై ఎనిమిది పొయ్యిలుంటే ముప్పై ఎనిమిది కార్డులు. ఒక్కొక్క పొయ్యి తీసి చూస్తే మీ తండోళ్లు నా పట్టీల ఎక్కడనో అడుగున ఉంటరు. మీ అసోంటోళ్ల కోసం యాభై కిలోమీటర్లు డీజిల్ కాల్చుకుంట పోతున్నది నా బండి. ఇక్కడ స్టేషన్ రోడ్డుల నెల నెలా ఠంచనుగ కొనే పెద్దింటోళ్లకేమో పావుగంట లైన్ల నిలబడ్డా పలకరించెటోడు లేడు."

"కలిస్తేనే గద సార్ మేం మీకు కనవడ్డది," అంది మనీషా. "ఒక్కొక్కలం వస్తె మమ్ముల గూడ ఎవలు పలకరించిన్రు?"

మూలన కుర్చీ కిర్రుమంది. సేటు కదిలి, మళ్లీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం లోకంలో మామూలే. మామ చేసిన దానాన్ని అల్లుడు వెనక్కి గుంజుకుంటుంటే ఆ మామ చూస్తూ కూర్చోవడం మాత్రం కొత్త. కూర్చోక ఏం చేస్తాడు? చేతులతో రాసిచ్చినవాడికి నోటితో అడ్డుపడే హక్కు ఉండదని ఆయన అనుకుంటున్నాడు.

"ఇంగొకటి," సురేందర్ చీటీ మీద వేలు పెట్టాడు. "సామాన్ల బండిల పేషెంట్‌ను ఎక్కించుకొస్తున్నరని నీ చీటీ చూసేదాక నాకు తెల్వది. నడిమిట్ల ఆమెకు ఏమన్నయితె ఎవలు జవాబు చెప్పాలె? డ్రైవర్ మొగిలి జైలుకు పోతడు, నేను జైలుకు పోత. మార్టుకు తాళం పడ్తది. నలభై మంది నౌకరీలు పోతయి. గందుకే పది గంటలకు మొగిలికి ఫోన్ చేసి బండి వెనక్కి తిప్పుకొని రమ్మన్న."

మనీషాకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. "ఏ బండి సార్?"

"ఇయ్యాల పోయిన బండి. వాగు దాటి జరంత దూరం పోయిండట. తిరిగి వస్తున్నడు."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. పదకొండుకు పన్నెండు నిమిషాలు. మంగళవారం వాగు పొంగి బండి పోలేదు. అఖిలకు డయాలసిస్ తప్పింది. అంటే పోయిన శుక్రవారం నుంచి ఈ శుక్రవారం దాకా ఆమె ఒంట్లో చేరిన నీరంతా ఒంట్లోనే ఉంది. మొహం ఉబ్బిందని, కళ్లు మూసుకుపోతున్నాయని, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే ఉందని పొద్దున బావ ధర్మా ఫోన్‌లో చెప్పాడు. నడవలేదు కాబట్టి మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెస్తామన్నాడు. రెండు గంటలకు దవాఖానలో ఆమె వంతు. ఆ వంతు తప్పితే మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో.

మనీషా లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. "సార్, నా నౌకరీ తీసెయ్యుండ్రి. దొంగ అని రాసిస్త, సంతకం పెడ్త. ఇయ్యాల ఒక్కదినం బండి మల్ల పంపుండ్రి. మా అక్క సచ్చిపోతది సార్."

"కూసో, జర నిమ్మళంగ..."

"కూసోను సార్. మంగళారం గూడ తప్పింది. ఇయ్యాల తప్పితె ఆమె ఉండది." ఏడుపు రాలేదు ఆమెకు. వస్తే టైం వృథా అవుతుందన్నట్టు ఏడుపు కూడా పక్కకు తప్పుకుంది. "సేటూ, మీరన్న చెప్పుండ్రి."

సేటు తలెత్తి అల్లుడి వైపు చూశాడు. సురేందర్ కళ్లు దించుకున్నాడు. అతను కూడా రాయి కాదు. కాకపోతే మోసపోతానేమోనన్న భయం ఒకసారి పట్టుకుంటే మనిషికి ఎదురుగా ఉన్న మొహం కన్నా తెర మీద అంకెలే నిజమనిపిస్తాయి.

"సరే," అన్నాడు. "నీ మాట నిజమే అనుకుందాం. కార్డు చత్రు నాయక్‌ది. గా మనిషిని నాతోని మాట్లాడమను. 'నా కార్డు తండ అంతటికి ఇచ్చిన, పిల్ల తప్పు లేదు' అని ఆయన నోటితోని ఒక్కమాట చెప్పమను. ఇప్పుడే మొగిలిని వెనక్కి పంపిస్త. మాట తప్ప."

అడిగింది చాలా న్యాయమైన మాట. వినేవాళ్లెవరైనా అదే అంటారు. కానీ మనీషా మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఆయనెందుకు సార్... నేను చెప్తున్న గద."

"ఎందుకంటె కార్డు ఆయనది." సురేందర్ అప్పటికే బల్ల మీది ఫోన్ స్పీకర్ నొక్కి, తెర మీద నంబరు చూస్తూ అంకెలు కొడుతున్నాడు.

"వద్దు సార్."

అవతల ఫోన్ రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు. గాలి, వాన చినుకులు దేనిమీదో పడుతున్న చప్పుడు.

"హలో, ఎవలు?"

"మానుకోట మార్టు నుంచి. చత్రు నాయకేనా మాట్లాడేది?"

"నాయక్ యాడున్నడు సారూ? ఆయన పోయి ఏడాది దాటిపాయె. నేను ధర్మాను. గీ ఫోను ఇప్పుడు తండది, ఎవలకు ఆపతొస్తె వాళ్ల కాడుంటది. బండి..."

సురేందర్ ఫోన్ మీద ఒక మీట నొక్కాడు. అవతలి మాట ఇవతలికి వినపడడం ఆగిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. దొంగ కాదని నిరూపించుకునే దారి ఒకటి దొరికితే, ఆ దారి తిన్నగా పోయి ఆమె నిజంగా చేసిన తప్పు ముందు ఆగింది. అవును, తప్పే. ఏడాది కింద చత్రు నాయక్ పోయాడు. ఉగాదికి కార్డులు కొత్తవి చేశారు. కార్డుదారు స్వయంగా వచ్చినట్టు ఫారం మీద టిక్ పెట్టి, కింద సంతకం చేసింది మనీషానే. పేరు మారిస్తే కొత్త పేరు పట్టీలో అడుగు నుంచి మొదలవుతుంది. పట్టీ పైకి ఎక్కేదాకా బండి రాదు. అప్పటిదాకా అక్క ఆగదు. ఇంతే ఆమె వేసుకున్న లెక్క.

సురేందర్ ఆ ఫారం కూడా తెర మీదికి తెచ్చాడు. "చూసినవా మామా? సచ్చిపోయిన మనిషి ఉగాదికి మార్టుకు నడుచుకుంటొచ్చి కార్డు చేయించుకున్నడు. పోయిన నెల ముప్పై ఒక్క బిల్లు చేసిండు." నవ్వబోయాడు గానీ మామ మొహం చూసి ఆపేశాడు.

రాంచందర్ సేటు లేచి వచ్చాడు. ఆ గదిలో ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"నాయక్ పోయిండా?"

మనీషా తల దించుకుంది.

"ఎప్పుడు?"

"పోయిన యేడు, బోనాలప్పుడు."

"నాకెందుకు చెప్పలే బిడ్డా?" సేటు గొంతులో కోపం లేదు. "నేను సైకిల్ మీద ఉప్పు, బట్టలు యేసుకొని తండలు తిరిగిననాడు నాకింత బువ్వ పెట్టింది గా చత్రు నాయకే. ఎండకాలం వస్తె ఇప్పటికీ అనుకుంట, ముసలోడు తేనె పట్టుకొస్తలేడేంది, నా మీద అలిగిండా అని. సచ్చిపోయిండని నాకు చెప్తె మట్టికి పోకపోదునా? ఒక్క పిడికెడు మన్ను వెయ్యకపోదునా?"

దొంగతనం మాట అన్నప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. సురేందర్ ముందైతే ఆమె అంకెలకు ఏదో ఒక జవాబు చెప్పగలదు. ఈయన ముందు మాత్రం దోషే. ఈ ముసలాయన స్నేహితుడి చావును ఆమె ఏడాదిగా కౌంటర్ కింద దాచిపెట్టింది. ప్రతి పొద్దునా ఈయనకు దండం పెట్టి, ఆ చావును పక్కనే పెట్టుకుని బిల్లులు కొట్టింది.

"చెప్తె కార్డు పోతదనుకున్న సేటూ," అంది వెక్కుతూ. "కార్డు పోతె బండి పోతది. బండి పోతె అక్క పోతది. గందుకే చెప్పలే. ఎన్నోసార్లు మీ ముంగటికి వచ్చిన. నోరు రాలే. మీరు చెప్పుతోని కొట్టుండ్రి. గనీ నా తప్పుకు అక్కను సంపకుండ్రి."

సేటు ఆమె తల మీద చేయి వేయలేదు. చేయి లేపాడు, సగంలో ఆగి మళ్లీ కిందికి జారవిడిచాడు. ఆ సగం చేయి మనీషాను అన్నిటికన్నా ఎక్కువ కోసింది.

తర్వాత సేటు బల్ల దగ్గరికి వచ్చి, అల్లుడిని అడగకుండానే, ఫోన్ మీది మీట మళ్లీ నొక్కాడు. అవతల ధర్మా ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు పాపం, తన మాట ఎవరూ వినడం లేదని తెలియక.

"...హలో, సారూ? ఇనవడ్తలేదా? బండి యాడిదాక వచ్చింది సారూ? తొమ్మిది గొట్టంగనే రోడ్డెక్కినం. పండుకోవెడితె ఊపిరందుతలే, కూసోవెడితె మెడ నిలుస్తలే. కాళ్లు సల్లగైనయి. మాట్లాడుమంటె మాట్లాడ్తలేదు. జర జల్ది రమ్మనుండ్రి సారూ, మీ కాళ్లు మొక్కుత..."

అతని మాట వెనక ఇంకో చప్పుడు ఉంది. ముందు వాన అనుకున్నారు. కాదు. అది అఖిల ఊపిరి. లోపలికి పోవడానికి ఒకసారి, బయటికి రావడానికి ఒకసారి పెనుగులాడుతోంది. మూడు ఊపిరుల తర్వాత కాస్త ఆగింది. ఆ ఆగినంతసేపు గదిలో ముగ్గురూ కూడా ఊపిరి పీల్చలేదు. మళ్లీ వచ్చింది.

సురేందర్ మొహం తెల్లబోయింది. అతనికి ఇప్పటిదాకా అఖిల ఒక చీటీలో ఒక వాక్యం. ఆ వాక్యం ఇంత చప్పుడు చేస్తుందని ఊహించి ఉండడు. జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు.

"మొగిలీ, యాడున్నవ్?"

"వాగు కాడనే ఉన్న సార్." సెల్ స్పీకర్ మీద డ్రైవర్ మొగిలి గొంతు అందరికీ వినిపించింది. "మీరు చెప్పినట్టే వెనక్కి తిప్పిన. వాగు దాటి ఇవుతలొడ్డుకొచ్చినంక మనసొప్పక బండి పక్కకు ఆపిన. మల్ల ఫోన్ చేస్తరేమో అని."

"చేసిన. తిప్పు. వెంటనే తండకు పో. పేషెంట్‌ను ఎక్కించుకొని సీదా దవాఖానకు రా. ఏమన్నయితె నేను చూసుకుంట."

అవతల నీళ్ల హోరు ఒక్కటే వినిపించింది.

"ఏంది మొగిలీ? పో అంటున్న."

"సార్, నేను దాటినప్పుడు నీళ్లు చక్రం సగం దాక ఉండె. పైన అడివిల వాన దంచికొడ్తున్నట్టుంది. ఇప్పుడు వంతెన గోడలు గూడ మునిగినయి. చెట్లు కొట్టుకొస్తున్నయి సార్. బండి కాదు గదా, లారీ గూడ పోదు." చెప్పాలా వద్దా అని ఊగిసలాడి, చెప్పేశాడు. "మీరు గప్పుడు ఫోన్ చెయ్యకపోతె, ఆమెను ఎక్కించుకొని గీపాటికి గూడూరు దాటుదును సార్."

సురేందర్ కుర్చీలో కూలబడ్డాడు. చేసిన పని ఎంత న్యాయంగా కనిపించినా, అది ఎవరి గొంతు మీద కాలు వేసిందో తెలిసిన క్షణం మనిషికి న్యాయం గుర్తుండదు.

బల్ల మీది ఫోన్ స్పీకర్ తెరిచే ఉంది. ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

"మొగిలన్న అవుతలొడ్డుకాడనే ఉన్నడా?" అంది ధర్మా గొంతు, ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చినట్టు. "బండి అక్కడనే ఉన్నదా సారూ?"

మనీషా ఫోన్ మీద పడింది. "బావా, వద్దు. ఆగు. మొగిలన్న చెప్పింది ఇనలేదా? వాగు..."

ధర్మా ఆమె మాట వినలేదు. ఫోన్ చేతిలో పట్టుకునే వెనక ఉన్నవాళ్లతో వాళ్ల భాషలో ఏదో గట్టిగా అరిచాడు. నలుగురైదుగురి గొంతులు ఒకేసారి జవాబిచ్చాయి. మనీషా కూడా తెలుగు మరిచిపోయి ఆ భాషలోకే దిగింది. గొంతు చిరిగిపోయేలా అరిచింది. బావను పేరు పెట్టి అరిచింది, అక్కను అరిచింది, పక్కనుండే వాళ్లందరినీ పేరుపేరునా పిలిచి అరిచింది. అవతల అడుగుల చప్పుడు, మంచం కోడు దేనికో తగిలిన చప్పుడు. మధ్యలో అఖిల ఊపిరి ఒకసారి దగ్గరగా వినిపించి దూరమైంది. తర్వాత ఫోన్ కట్టయింది.

మనీషా మళ్లీ మళ్లీ ఆ నంబరు కొట్టింది. అందుబాటులో లేదన్న మాటే వచ్చింది.

"ఏమైంది?" సురేందర్ లేచాడు. "ఏమంటున్నరు వాళ్లు? మనీషా, చెప్పు. ఏమన్నడు?"

ఆమె ఆ నంబరే మళ్లీ కొడుతోంది. నలభై ఏళ్లు తండాలతో బేరాలు చేసినవాడు రాంచందర్ సేటు. ఆ భాష ఆయనకు మాట మాటా తెలుసు. బల్ల పట్టుకుని నిలబడ్డ ముసలాయన అల్లుడి వైపు చూడకుండానే చెప్పాడు.

"బండి రాకపోతె మనమే బండి కాడికి పోదామన్నడు. మంచం భుజాలకెత్తుకున్నరు అల్లుడూ. వాగుల దిగుతున్నరు."